వడ్డించినవాళ్లకూ ఒక బంతి వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత నెల తిరుపతిలో ఒక సదస్సు చివరి రోజు రాత్రి విందుకు నన్నూ పిలిచారు. వచ్చినవాళ్లు బయటి రాష్ట్రాల ప్రతినిధులు, ఖర్చు ప్రభుత్వానిది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి దాకా మన వైపు వంటలన్నీ పెట్టారు. అతిథులు అడిగి మరీ వేయించుకున్నారు. ఆ వంటలను మెచ్చుకుని ఉత్తరం ముగించగలిగితే నాకూ సంతోషంగానే ఉండేది. కానీ పదకొండు దాటాక, కారు హాలు వెనక వైపు ఉందంటే అటు వెళ్లాను. అక్కడ చూసింది ఇన్నాళ్లయినా నన్ను వదలడం లేదు.

డిగ్రీ చదివే వయసు పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారు. తెల్ల చొక్కాలు, మెడకు నల్ల బో, తలకు వల టోపీలు. గిన్నెలు కడిగే చోట, తడి నేల మీద నిలబడి, చల్లారిన అన్నం పేపరు ప్లేట్లలో పెట్టుకుని తింటున్నారు. ఒక పాప తన ప్లేటును ప్రహరీ మీద ఆనించి, ఒక కాలు బూటులోంచి తీసి, రెండో పాదం మీద మోపి నిలబడింది. మడమ దగ్గర తోలు లేచిపోయి మేజోడుకు అతుక్కుని ఉంది.

"ఎన్నింటికి వచ్చినావు పాపా?" అని అడిగాను.

"మూడుకు మేడమ్. మేము తినేటప్పటికి ఎప్పుడూ ఇంతే అవతాది."

"మధ్యలో కాసేపు కూర్చోకూడదా?"

"కూచుంటే కాంట్రాక్టరు అరుస్తాడు. కుర్చీలు గెస్టులకే కదా మేడమ్."

ఆ రాత్రికి ఆమెకు వచ్చేది 500 రూపాయలు. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటోంది. హాస్టలు గేటు ఎప్పుడో వేసేస్తారు కాబట్టి, ఇలాంటి రోజుల్లో స్నేహితురాలి గదిలో పడుకుంటుందట.

ఆ పాపను చూడగానే నలభై ఏళ్లు దాటిన ఒక ఢిల్లీ రాత్రి కళ్ల ముందుకొచ్చింది. అది చెప్తే గానీ, నేను అడగబోయేది ఎందుకు అడుగుతున్నానో తెలియదు.

నేను తిరుపతిలో పుట్టి పెరిగాను. పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్చుకుని, ఢిల్లీలో ప్రభుత్వ కొలువులో, ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే పనిలో చేరాను. మా అవ్వకు ఆ ఉద్యోగం పేరు నోరు తిరగక, "మా మనవరాలు దుబాసమ్మ" అని వీధంతా చెప్పుకునేది. చెన్నపట్నంలో దొరలకూ వర్తకులకూ మధ్య నిలిచినవాళ్లను దుబాసీలనే అనేవారు కాబట్టి ఆమె అన్నది సరైన మాటే.

అవి నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ఉన్న రోజులు. 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతి భవనంలో ఉన్నది మన సీమ మనిషి, అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ. అంతకు ముందు 1962 నుంచి 1967 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన చిన్నప్పుడు మా తిరుపతి బళ్లో చదువుకున్నవారు. ఆ మెట్లెక్కుతుంటే ఈ రెండు సంగతులూ నాకు ధైర్యమిచ్చాయి. ఫ్రెంచి మాట్లాడే దేశాధినేత ఒకరు వచ్చారు, ఆయన గౌరవార్థం విందు. అమ్మ పంపిన వెంకటగిరి జరీ చీర కట్టుకుని వెళ్లాను.

అంత అందమైన గది నేను మళ్లీ చూడలేదు. ఒకే పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ 104 మంది కూర్చోవచ్చు. ఈ చివర నిలబడితే ఆ చివర ఉన్నవాళ్ల ముఖాలు ఆనవు. బల్ల నడుమ పొడవునా పూలు, వాటి పక్కన దీపపు వెలుగులో మెరిసే వెండి సామాను. ఎక్కడినుంచో సన్నగా బ్యాండు. కానీ నన్ను కట్టిపడేసింది గోడల మీది చిత్రపటాల పైన ఉన్న చిన్న దీపాలు. అలంకారమనుకున్నాను, కాదు. ఎప్పుడు సిద్ధంగా నిలవాలి, ఎప్పుడు వడ్డన మొదలుపెట్టాలి, ఎప్పుడు పళ్లేలు తీసేయాలి అన్నది వడ్డించేవాళ్లకు ఆ దీపాలే చెప్తాయి. నోటిమాట అక్కర్లేదు. దీపం వెలిగిందంటే తెల్ల గ్లౌజుల చేతులన్నీ ఒక్కసారిగా కదిలేవి. "సాంబారు ఇటు, సాంబారు ఇటు" అన్న కేకల మధ్య పెరిగిన నాకు అది నాట్యంలా అనిపించింది.

నా కుర్చీ బల్ల దగ్గర లేదు. ఇద్దరు పెద్దల వెనకాల, వాళ్ల భుజాల మధ్య సందులో వేశారు. దుబాసి పని ఏ దేశంలోనైనా అంతే, నోరు వాళ్ల మాటలకే కావాలి, ముద్దకు తీరదు. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. సూపు నా ముక్కు ముందునుంచే వెళ్లింది, పులావు వెళ్లింది. అతిథి ఒక కూరను చూపించి ఇందులో ఏముందని నన్ను అడిగారు. నా పక్కనే వంగి వడ్డిస్తున్న పెద్దాయన పెదవి కదలకుండా "మేథీ" అన్నారు. తినని మెంతికూర రుచిని నేను ఫ్రెంచిలో వర్ణించాను. ఆ క్షణంలో ఆయన గ్లౌజుకూ కోటు చేతికీ మధ్య మణికట్టు కనిపించింది. దాని మీద పాత కాలిన మచ్చ, రూపాయి బిళ్లంత.

అతిథులు లేచి వెళ్లాక, నోటు పుస్తకం మూసి లేవబోతే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకున్నాను. ఆ మచ్చ చేతి పెద్దాయనే చూసి, "ఇటు రా బేటీ" అని వంట వైపు ఉన్న గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ ఒక బల్ల, రెండు బెంచీలు. నేను పళ్లెం కోసం చూస్తుంటే, "ముందు కూర్చో" అన్నారు. కూర్చున్నాకే పళ్లెం తెచ్చారు. రొట్టె, పప్పు, కొంచెం ఆ మెంతికూర. మీరు తిన్నారా అని అడిగితే, తామంతా సాయంత్రమే తినేశామనీ, ఆకలి చేతులతో వెండి పళ్లేలు పడితే వణుకుతాయనీ చెప్పారు. తర్వాత దేశదేశాల్లో ఎన్నో విందుల్లో కూర్చున్నాను. ఆ పప్పు రుచి మళ్లీ తగల్లేదు.

ఇలాంటి విందుల వార్తలు ఎక్కడ కనబడినా ఇప్పటికీ వదలను. 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ భారత్ మండపంలో జీ-20 దేశాల నేతలకిచ్చిన విందు గురించి దొరికినవన్నీ చదివాను. పనసతో చేసిన వంటకానికి వనవర్ణమని, ఊదల పాయసానికి మధురిమ అని పేర్లు పెట్టారు. ఊదలు, సామలు, కొర్రలు పెద్ద బల్ల ఎక్కాయని సీమ మనిషిగా పొంగిపోయాను. పళ్లేల గురించి రాశారు, పూల గురించి రాశారు. వడ్డించిన చేతుల గురించి మాత్రం నేను చదివినవాటిలో ఒక్క వాక్యం లేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కడబంతి కూడా లేచాక మా ఇళ్లలో ఇంకో బంతి ఉండేది. పెళ్లికి వంట చేసినవాళ్లు, విస్తళ్లు వేసినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు వరసగా కూర్చునేవారు. వాళ్లకు పెళ్లివారింటి మనిషే వడ్డించాలి. మా అమ్మ పట్టుచీర కొంగు నడుముకు చుట్టి, నెయ్యి గిన్నె తనే పట్టుకునేది. వాళ్లకోసం లడ్లు ముందే వేరుగా తీసి పెట్టేది, చివర్లో అయిపోయాయన్న మాట రాకూడదని. బఫేలు వచ్చాక బంతులు పోయాయి, బంతులతోపాటు ఆ ఆఖరి బంతీ పోయింది.

కొండ మీదైనా చూడండి. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైంది. తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన అన్నప్రసాద భవనాన్ని 2011లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ గారు ప్రారంభించారు. ఒక్కో బంతికి వేలమంది కూర్చుని తింటారు, అదీ ఏ గొప్పా తక్కువా లేకుండా. రిటైరయ్యాక నేనూ శ్రీవారి సేవకు వెళ్లి అక్కడ అన్నం వడ్డించాను. మా వంతు అయ్యాక మేమూ కూర్చునే తిన్నాం. ఆ కొండ కిందే, అదే ఊళ్లో, ఆడపిల్లలు డ్రైనేజీ పక్కన నిలబడి తినడం నాకు మింగుడుపడటం లేదు.

అందుకని జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ప్రభుత్వ సొమ్ముతో జరిగే ప్రతి విందులో క్యాటరింగు కాంట్రాక్టు రాసుకునేటప్పుడు వడ్డించేవాళ్ల భోజనాలనూ లెక్కలో కలపండి. మూడు వందల మందికి ఇరవై మంది వడ్డిస్తే మూడు వందల ఇరవై ప్లేట్లకు లెక్క కట్టండి. ఆ భోజనం అతిథులు రాకముందే, వేడిగా, కూర్చోబెట్టి పెట్టాలని షరతు రాయండి. పని లేని పది నిమిషాలు కూర్చోడానికి పక్కన నాలుగు కుర్చీలు వేయించండి. రాత్రి పది దాటితే ఆడపిల్లలను ఇంటికో హాస్టలుకో దించే బండి కాంట్రాక్టరే పెట్టాలి. హాలు అద్దెకు, పూలకు, స్టేజీకి అయ్యే ఖర్చు ముందు ఇది ఎంత?

ఒక్క పూట పనికి ఇంత పట్టింపు ఎందుకని కొందరు అనవచ్చు. పూట పని విందు ఇచ్చేవాళ్లకే. పెళ్లిళ్ల సీజనులో ఈ పిల్లలు వారానికి నాలుగైదు రాత్రులు ఇలాగే నిలబడతారని ఆ పాపే చెప్పింది. పొద్దున్నే మళ్లీ క్లాసు. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, పక్కనే ఉన్న తమిళనాడు 2021లో చట్టం సవరించుకున్నాయి. రోజంతా చీరలు మడతపెట్టే ఆడవాళ్ల కాళ్ల నొప్పులు చూసే ఆ చట్టాలు వచ్చాయి. చెన్నైకీ మనకూ మధ్య మూడు నాలుగు గంటల దారి. ఆ మాత్రం మాట మన క్యాటరింగు పిల్లలకోసం మన కాగితాల్లోకీ రావాలి.

కళ్యాణ మండపాల యజమానులకూ, పెళ్లి చేసే తల్లిదండ్రులకూ ఒక మాట. దీనికి ఏ ఆర్డరూ అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి ఒకసారి వంట వైపు వెళ్లి, "అమ్మా, మీరు తిన్నారా?" అని అడగండి. లేదంటే అక్కడే నాలుగు కుర్చీలు వేయించి, మీ ఇంటి మనిషి చేత వడ్డించండి.

ఆ రాత్రి నేను కారు డ్రైవరును ఆపి, హాలు లోపలినుంచి రెండు కుర్చీలు తెప్పించాను. పాప వెంటనే కూర్చోలేదు, తలుపు వైపు చూసింది. నేను పక్క కుర్చీలో కూర్చున్నాక కూర్చుంది. పేరు చెప్పింది గానీ, పేపర్లో మాత్రం వేయొద్దంది. వేస్తే వచ్చే ఆదివారం పనికి పిలవరట.

ఇట్లు,
ఒక విశ్రాంత దుబాసి,
తిరుపతి