చెట్టు కొట్టే ముందు గబ్బిలాలను పరీక్షించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఉద్దానం, మందస మండలంలో ఒక పల్లె. చెరువు గట్టు మీద పాత చింతచెట్టు, దాని నిండా పెద్ద గబ్బిలాలు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఈమధ్య గబ్బిలాల నుంచి నిపా అనే ప్రాణాంతక వైరస్ సోకుతుందని ఒక వీడియో మా ఊరి ఫోన్లన్నిటిలో తిరిగింది. అదే వారం ఇద్దరికి జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో మలేరియా అని తేలేలోపే కుర్రాళ్లు చెట్టు కింద టపాసులు కాల్చారు, మర్నాడు రంపం పట్టుకొచ్చారు. పెద్దవాళ్లు అడ్డుపడబట్టి చెట్టు ఇప్పటికి నిలబడి ఉంది. కుర్రాళ్లను నేను తప్పు పట్టను. చంటిపిల్లలున్న ఇళ్లలో టెన్షన్ ఉండదా?

వైరస్ ఏ జంతువులో కాపురం ఉంటుందో తెలియకపోతే ఎంత నష్టమో మలేషియా చూసింది. 1998లో అక్కడ పందులు పెంచేవాళ్లకు మెదడువాపు వస్తే, దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకుని దోమల మందు కొట్టించారు. జనం చనిపోతూనే ఉన్నారు. ఇది నిపా అనే కొత్త వైరస్ అని తెలిసి, అదుపులోకి వచ్చేసరికి వంద మందికి పైగా పోయారు, పది లక్షలకు పైగా పందులను చంపారు. మరి పందులకు ఎక్కడి నుంచి వచ్చింది? శాస్త్రవేత్తలు గబ్బిలాలు వేలాడే చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వాటి మీద పడిన మూత్రం చుక్కలు సేకరించారు. వైరస్ అందులో దొరికింది. గబ్బిలం కొరికి వదిలేసిన పండు మీదా దొరికింది. ఒక్క గబ్బిలాన్నీ చంపకుండా చేయగలిగిన పని ఇది.

2018లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో నిపా వచ్చినప్పుడు మొదట ఒక బావిలోని గబ్బిలాలను పరీక్షిస్తే ఏమీ లేదన్నారు. అవి పురుగులు తినే చిన్న రకం. తర్వాత పండ్లు తినే పెద్ద గబ్బిలాలను పరీక్షిస్తే కొన్నింటిలో వైరస్ బయటపడింది. రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు, కనిపిస్తే ఆ జంతువుకు వైరస్ ఎప్పుడో తగిలిందని మాత్రమే అర్థం. జబ్బు ఆ జంతువు నుంచే వచ్చిందనాలంటే రోగిలో దొరికిన వైరస్, జంతువులో దొరికినది జన్యుపరంగా కలవాలి. గబ్బిలాలు అన్ని కాలాల్లో ఒకేలా వైరస్‌ను విసర్జించవు కాబట్టి ఒకసారి వచ్చి నాలుగు శాంపిళ్లు తీసుకెళ్తే చాలదు.

చంపేస్తే పీడ పోతుందనేవాళ్లకు ఉగాండా సంగతి చెప్పాలి. కిటాకా గనిలో పనివాళ్లకు గబ్బిలాల నుంచి మార్‌బర్గ్ అనే మరో ప్రాణాంతక వైరస్ సోకిందని అక్కడి గబ్బిలాలను నాశనం చేశారు. కొన్నేళ్లకు కొత్తవి వచ్చి చేరాయి. వాటిలో వైరస్ ఉన్నవాటి పాళ్లు మునుపటికి రెట్టింపు దాటింది. 2012లో ఆ చుట్టుపక్కలే మళ్లీ జబ్బు వచ్చింది.

కారణం తేలని జబ్బుతో బతకడం ఎలా ఉంటుందో మా ఉద్దానం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కిడ్నీ రోగుల ఇళ్లలో ఏళ్ల తరబడి నీళ్లనీ, మట్టినీ, పురుగుమందులనీ అనుమానిస్తూనే ఉన్నాం. ఇంకో అనుమానం మోసే ఓపిక మాకు లేదు. తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి, పనస పోయాక మిగిలిన పెద్ద చెట్లే కొద్ది, వాటినీ కొట్టేస్తే ఆ గబ్బిలాలు వచ్చేది మా పెరట్లోని జామచెట్టు మీదికే.

అందుకే కలెక్టర్ గారిని వేడుకుంటున్నాను. అటవీ, పశుసంవర్ధక, ఆరోగ్య శాఖలను కలిపి, జిల్లాలో పెద్ద గబ్బిలాలుండే చెట్లను గుర్తించి, ఏడాదిలో అన్ని కాలాల్లోనూ శాంపిళ్లు తీయించి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపించండి. ఫలితం ఏదైనా గ్రామసభలో చదివి వినిపించండి. ఈలోగా కొరికిన పండ్లు పిల్లలు తినకుండా, పశువులకు వేయకుండా ఆశా కార్యకర్తలతో ఇంటింటికీ చెప్పించండి. బంగ్లాదేశ్‌లో ఈత చెట్ల నుంచి నీరా పట్టే కుండల దగ్గరికి గబ్బిలాలు రాకుండా వెదురు తడికెలు కడుతున్నారు. మా గీత కార్మికులకూ అవి ఉచితంగా ఇప్పించండి. చింతచెట్టు దగ్గరికి రంపం మళ్లీ రాకముందే ఎవరైనా అధికారి ఒకసారి మా ఊరు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా