టర్పెంటైన్ సీసాపై అసలు పేరు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో ముప్పై ఐదేళ్లుగా చెక్క సామానుకు పాలిష్ పెట్టే పని చేస్తున్నాను. రంగుల దుకాణాల్లో విడిగా పోసి అమ్మే ద్రావకాలకు సరైన పేరు గానీ, తెలుగులో హెచ్చరిక గానీ లేకపోవడం అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

టర్పెంటైన్ అంటే నిజానికి పైన్ చెట్ల జిగురు నుంచి తీసే నూనె. హిమాచల్ ప్రదేశ్‌లోని నాహన్, బిలాస్‌పూర్‌లలో ఇందుకోసం ప్రభుత్వ కర్మాగారాలే ఉన్నాయి. మా ఊళ్లో టర్పెంటైన్ అడిగితే మాత్రం దుకాణదారు పోసిచ్చేది దాదాపు ఎప్పుడూ ముడిచమురు నుంచి వచ్చిన మినరల్ టర్పెంటైన్. అది చెడ్డ సరుకని నేననను. ఎనామిల్ రంగును పలుచన చేయడానికీ, కుంచెలు కడగడానికీ చక్కగా పనికొస్తుంది. అయితే డామర్ అనే చెట్టు జిగురుతో వార్నిష్ తయారు చేసుకునే చిత్రకారుడు తెలియక దాన్ని కొంటే జిగురు సరిగా కరగక సరుకంతా పాడవుతుంది. మేము పాలిష్‌కు వాడే లక్క ఈ రెండింటిలోనూ కరగదు, దానికి స్పిరిట్ కావాలి. ఆ స్పిరిట్‌ను ఎవరూ తాగకుండా అందులో మిథనాల్ వంటి విషం కలుపుతారన్న సంగతి కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లకు ఎవరు చెబుతున్నారు?

సరుకు పాడైతే డబ్బుతో పోతుంది, ఒళ్లు కాలితే అలా కాదు. నిప్పు తగిలినప్పుడు టర్పెంటైన్ ఆవిరి అంటుకోవడానికి సుమారు 35 డిగ్రీల వేడి చాలు, మన వేసవి మధ్యాహ్నాలు దానిని దాటిపోతాయి. రంగును పలుచన చేసే థిన్నర్లలో ఎక్కువగా ఉండే టోలుయిన్ అనే ద్రావకానికి 4 డిగ్రీలే చాలు. పైగా దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువైనది కనుక నేలవారగా పాకి దూరాన ఉన్న నిప్పును అందుకోగలదు. నాలుగేళ్ల క్రితం మా షెడ్డులో అదే జరిగింది. చెక్కలు అతికే వజ్రం జిగురును కిరసనాయిలు స్టవ్ మీద కాచుతున్న గదిలోనే, దుకాణంలో కూల్‌డ్రింక్ సీసాలో పోసిచ్చిన థిన్నర్‌ను మా కుర్రవాడు టర్పెంటైన్ అనుకుని పళ్లెంలో వంచాడు. మోచేతి దాకా కాలిన ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. సీసా మీద ఒక్క తెలుగు మాట ఉన్నా ముందు స్టవ్ ఆర్పేవాడని నా నమ్మకం.

అవిసె నూనె డబ్బాపైనా ఇలాంటి హెచ్చరిక అవసరమే. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది కాబట్టి, తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే అవి వాటంతటవే అంటుకోవచ్చు. మేము వాటిని విడివిడిగా ఆరబెడతాం.

కూల్‌డ్రింక్, మంచినీళ్ల సీసాల్లో వీటిని అమ్మడాన్ని పూర్తిగా ఆపించాలి. పిల్లలు పొరపాటున కిరసనాయిలు గానీ టర్పెంటైన్ గానీ తాగితే వాంతి చేయించకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న ఆ మాట కూడా చీటీపై ఉండాలి. తూనికలు కొలతల శాఖ, అగ్నిమాపక శాఖ కలిసి వేసవికి ముందే రంగుల దుకాణాలను తనిఖీ చేసి, చిన్న సీసాకైనా సరుకు అసలు పేరూ, నిప్పుకు దూరంగా ఉంచాలన్న హెచ్చరికా తెలుగులో అతికించేలా చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలిష్ పనివాడు,
రాజమహేంద్రవరం