‘భారత్ ఏక్ ఖోజ్’ను మా పిల్లలకు తెలుగులో ఇవ్వండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. 1988 నవంబర్‌లో దూరదర్శన్‌లో మొదలైన ‘భారత్ ఏక్ ఖోజ్’ సీరియల్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నెహ్రూ పుస్తకం ఆధారంగా మన దేశ చరిత్రను చెప్పిన హిందీ సీరియల్ అది. అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఆ 53 భాగాలనూ శుభ్రమైన కాపీగా, తెలుగులో, మా పిల్లలకు అందేలా చేయించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే గుంతకల్లు రైల్వే క్వార్టర్స్ నుంచి మొదలుపెట్టాలి.

మా నాన్న రైల్వేలో చేసేవారు. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు. మా వరసలో చివరింట్లో ఉండేది, షట్టర్లున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ ఇంటాయన గూడ్స్ గార్డు. మాకు చుట్టం కాకపోయినా క్వార్టర్స్ పిల్లలందరికీ ఆయన గార్డు మామే. ఉద్యోగం మీద ఎన్నో ఊళ్లు తిరిగినందువల్ల ఆయనకు హిందీ బాగా వచ్చు. మాకు రాదు. నేను ఆరో తరగతి, హిందీ అక్షరాలు అప్పుడే మొదలుపెట్టాం. రామాయణానికీ మహాభారతానికీ భాష అడ్డం కాలేదు, కథ ముందే తెలుసు కాబట్టి. ఇది అలా కాదు. నెహ్రూ వేషంలో రోషన్ సేఠ్ మా వైపు తిరిగి ఏదో చెబుతుంటారు, వెనక నుంచి ఓంపురి గొంతు ఇంకేదో చెబుతుంటుంది. మామ డ్యూటీ లేని రోజు అయితే బతికిపోయేవాళ్లం. స్టూలు మీద కూర్చుని, రెండు మాటలు విని, మా వైపు తిరిగి ఒక్క ముక్కలో చెప్పేవారు.

మొదటి రోజు టైటిల్స్ వస్తున్నాయి. ముందు సంస్కృతం, తర్వాత హిందీ, బృందంగా పాడుతున్నారు. అది ఋగ్వేదంలోని నాసదీయ సూక్తమని, దానికి వసంత్ దేవ్ హిందీ చేస్తే వనరాజ్ భాటియా సంగీతం కట్టారని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మామ చెప్పింది ఇంతే: “సృష్టికి ముందు ఏమీ లేదంట. లేదు అనేది కూడా లేదంట.” పదకొండేళ్ల పిల్లని. ఆ రాత్రి మంచం మీద పడుకుని, లేదు అనేది కూడా లేకపోతే మరి ఏముండేది అని చాలాసేపు ఆలోచించాను. యార్డులో షంటింగ్ చప్పుడు ఇప్పటికీ ఆ ప్రశ్నతో కలిసే గుర్తుంది. నేను చరిత్ర చదివానంటే, ఈ రోజు చరిత్ర చెబుతున్నానంటే, అది మొదలైంది అక్కడే.

ఇంకో రోజు మహాభారతం భాగంలో తీజన్ బాయి వచ్చారు. ఛత్తీస్‌గఢ్ పండవానీ గాయని, అంటే పాండవుల కథను పాడుతూ చెప్పే కళాకారిణి. చేతిలో తంబూరా. పాడుతూ పాడుతూ ఆ తంబూరానే గదలా ఎత్తి భీముడైపోయేవారు. మామ మాట చెప్పకముందే మా అమ్మ అనేసింది, “ఇది మన బుర్రకథే కదా!” అని. మాట తెలియకపోయినా ఆ ఒక్క భాగం మాకు పూర్తిగా అర్థమైంది. ఎక్కడో అడవుల వైపు ఉన్న ఒకావిడ మన ఊరి కథకురాలిలాగే కథ చెబుతుందని తెలిసి అమ్మ ఎంత సంతోషపడిందో. దేశం అంటే ఏమిటో పాఠ్యపుస్తకాల్లో చాలాసార్లు చదివాను, చదివించాను. ఆ రోజు అర్థమైనట్టు ఎప్పుడూ కాలేదు.

ఒకే నటుడు పది వేషాలు వేయడం కూడా మాకు కొత్తగా అనిపించలేదు. దుర్యోధనుడిగా చూసిన ఓంపురి తర్వాత అశోకుడయ్యారు, ఇంకొన్నాళ్లకు ఔరంగజేబు అయ్యారు. సురభి నాటకాలు చూసిన ఊళ్లవాళ్లకు ఇది మామూలే. సలీం ఘౌస్ రాముడిగా వచ్చారు, కృష్ణుడిగా వచ్చారు, టిప్పు సుల్తాన్‌గానూ వచ్చారు. నసీరుద్దీన్ షా శివాజీ, కుల్‌భూషణ్ ఖర్బందా అక్బర్. ఇప్పుడు తలుచుకుంటే ఎంత గొప్ప బృందం! రచన షమా జైదీ, అతుల్ తివారీ. గురుదత్ సినిమాలకు కెమెరా పట్టిన వి.కె. మూర్తి దీనికీ పనిచేశారు. అన్నిటికీ వెనక దర్శకుడు శ్యామ్ బెనెగల్.

బెనెగల్ గారు పుట్టింది హైదరాబాద్ తిరుమలగిరిలోనే. తొలి సినిమా ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథ. 1978లో తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు. మన గడ్డ మీద పెరిగిన మనిషి దేశ చరిత్రనంతా తెరకెక్కిస్తే, ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుగువాళ్లు దాన్ని పక్కింటాయన సాయంతో చూడాల్సి రావడం నాకు బాధగా ఉంది.

2024 డిసెంబర్ 23న ఆయన పోయారు. మర్నాడు పేపర్లో ఫొటో చూశాక మనసాగలేదు. ఫోన్లో వెతికి ఆ పాత భాగాలు పట్టుకున్నాను. దొరికిన కాపీల్లో బొమ్మ వెలిసిపోయి ఉంది. చీకటి దృశ్యాల్లో మొహాలు కనబడవు. అయినా టైటిల్ పాట మొదలవగానే కళ్లు తడిశాయి. రోజుకొకటి చొప్పున చూశాను. ఈసారి హిందీ నాకు వచ్చు, ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పరీక్షల వల్ల చూడలేకపోయిన ఫూలే భాగం ఇప్పుడే మొదటిసారి చూశాను. సావిత్రీబాయి జయంతి ప్రతి జనవరిలో మా బడిలో జరుపుతాం, నేనే మాట్లాడతాను. అయినా ఆ భాగం చూశాకే ఆ దంపతులు ఏ మనుషుల మధ్య, ఏ మాటలు పడుతూ బడి నడిపారో కళ్లకు కట్టింది. ఇది మా పిల్లలకు చూపించాలి అనుకున్నాను.

ముందుగా అశోకుడి భాగం చూపించాను, ఎనిమిదో తరగతికి. మా తరగతి గదిలో ఇప్పుడు ఐఎఫ్‌పీ ప్యానెల్ (వీడియోలు చూపించే డిజిటల్ బోర్డు) ఉంది, తెర పెద్దది. మంచిదే. మొదలుపెట్టిన రెండు నిమిషాలకు వెనక బెంచీ నుంచి, “టీచర్, ఏమంటున్నాడు?” ఆపాను, చెప్పాను. మళ్లీ నొక్కాను. మళ్లీ, “టీచర్...” నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో పావుగంట సీరియల్ కూడా నడవలేదు. ఆపిన ప్రతిసారీ ఓంపురి మొహం సగం మాట దగ్గర నిలిచిపోయేది. పిల్లలు ఓపిగ్గానే కూర్చున్నారు, తప్పు వాళ్లది కాదు. కానీ నటుడి గొంతులో పశ్చాత్తాపం వినాల్సిన చోట వాళ్లు నా గొంతు విన్నారు. నేను ఎంత చెప్పినా అది సారాంశమే.

అశోకుడి విషయంలో ఇది మరీ గుచ్చుకుంది, ఎందుకంటే ఆయన మాకు పొరుగువాడి కింద లెక్క. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి గుట్ట ఉంది. ఆ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మా పిల్లల్లో కొందరి ఊళ్లు ఆ చుట్టుపక్కలే. అక్కడి శాసనంలో ఒక మాట ఉంది: పై అధికారులు రజ్జుకులకు, అంటే పల్లె ప్రాంతాలు చూసుకునే అధికారులకు ఆజ్ఞ చెప్పాలి, ఆ రజ్జుకులు భేరి మోగించి పల్లె జనానికి వినిపించాలి. రాయి మీద చెక్కించినంత మాత్రాన జనానికి చేరదని ఆ చక్రవర్తికి తెలుసు. వాయవ్యంలో ఖరోష్ఠి లిపిలో రాయించాడు. కాందహార్‌లో గ్రీకు, అరమాయిక్ భాషల్లో చెక్కించాడు. ఎవరికి ఏది అర్థమవుతుందో చూసుకున్నాడు. ఇప్పుడు ఆ అశోకుడి కథే ఆ గుట్టకు కూతవేటు దూరంలో ఉన్న పిల్లలకు అర్థం కాని భాషలో ఉంది మంత్రి గారూ.

విజయనగరం భాగాల సంగతి వేరే చెప్పాలా? “దేశభాషలందు తెలుగు లెస్స” అని రాసిన రాయల రాజ్యం కథ తెలుగు పిల్లలు హిందీలో వినాలి. మా వైపు నుంచి హంపి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేంత దగ్గర.

ఇక అడగాల్సిన వివరాలకు వస్తాను.

మొదటిది, కాపీ. మూల ప్రతి మీ ఆర్కైవ్స్‌లో ఏ స్థితిలో ఉన్నా, దాని నుంచి ఇప్పటి సాంకేతికతతో మంచి కాపీ తీయించండి. బెనెగల్ గారి ‘మంథన్’ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయిస్తే 2024లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అయిదు లక్షల మంది పాడిరైతులు తలా రెండు రూపాయలు వేసుకుని తీయించిన సినిమా అది. దానికి ఆ గౌరవం దక్కినప్పుడు, ప్రజల సొమ్ముతో నడిచే దూరదర్శన్ ప్రజల కోసం తీయించిన సీరియల్‌కు ఎందుకు దక్కకూడదు? టేపు గానీ ఫిల్ము గానీ మన తీరిక కోసం ఆగదు, ఏటేటా పాడవుతూనే ఉంటుంది.

రెండోది, భాష. ముఖ్యమైంది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వండి, అవి త్వరగా అవుతాయి. కానీ అక్కడితో ఆపొద్దు. చదవడం నెమ్మదిగా ఉన్న పిల్లలకూ, మా అమ్మలాంటి వాళ్లకూ సబ్‌టైటిల్స్ సరిపోవు, డబ్బింగ్ కావాలి. ఈ సీరియల్‌లో భాష ఒక్క తీరుగా ఉండదు. ప్రాచీన కాలం భాగాల్లో సంస్కృతం పాలు ఎక్కువ, మొగలుల దగ్గరికొచ్చేసరికి ఉర్దూ పలుకుతుంది. ఆ తేడా పోతే సగం అందం పోయినట్టే. దాన్ని తెలుగులోకి తేవాలంటే మన పద్యం తెలిసినవాళ్లు కావాలి, హైదరాబాద్ ఉర్దూ చెవిలో ఉన్నవాళ్లూ కావాలి. ఇద్దరూ మనకున్నారు. భాషిణి లాంటి ప్రభుత్వ అనువాద వేదికతో మొదటి చిత్తు ప్రతి తీయించుకుంటే అభ్యంతరం లేదు. చివరి మాట మాత్రం మనిషి రాయాలి, ఒక చరిత్ర అధ్యాపకుడు సరిచూడాలి. గొంతుల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఆకాశవాణి నాటకాలతో తయారైన కళాకారులు హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నారు. ప్రసార భారతి గొడుగు కిందే ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ ఉన్నాయి కదా. పెద్దవాళ్లయిన కళాకారుల గొంతులు అందుబాటులో ఉండగానే ఈ పని జరగాలని నా ఆశ.

తెలుగు చేశాక డీడీ యాదగిరిలో, డీడీ సప్తగిరిలో వారానికొకటి ప్రసారం చేయండి. 53 భాగాలంటే దాదాపు ఒక ఏడాది. ప్రసార భారతి వారి ఓటీటీ వేదిక వేవ్స్‌లో కూడా అన్నీ వరసగా, ఉచితంగా, ఎప్పటికీ ఉండేలా పెట్టండి. బడికి నెట్ సరిగా రాని చోట్ల టీచర్లు డౌన్‌లోడ్ చేసి దాచుకునే వీలు కూడా ఇవ్వండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పాఠం మధ్యలో వీడియో ఆగిపోతే నలభై మంది పిల్లల్ని మళ్లీ దారికి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఏ టీచర్ని అడిగినా చెబుతారు.

ఒక విన్నపం గట్టిగా చెబుతాను. ఏదీ కత్తిరించొద్దు. ఈ సీరియల్‌కు ఆధారం నెహ్రూ 1944లో అహ్మద్‌నగర్ కోట జైల్లో కూర్చుని రాసిన పుస్తకం. ఆ చూపుతో ఒప్పుకోనివాళ్లున్నారు. పైగా 1988 తర్వాత చరిత్రలో కొత్త పరిశోధనలు చాలా వచ్చాయి. కావాలంటే ప్రతి భాగానికి ముందు అయిదు నిమిషాలు ఒక చరిత్రకారుడితో మాట్లాడించండి, ఫలానా విషయంలో ఇప్పుడు ఇలా తెలిసింది అని చెప్పించండి. క్లాసులో నేను చేసేది అదే. పిల్లలు రెండు మాటలూ విని ప్రశ్నలు వేస్తారు, ఆ ప్రశ్నలు చాలా బాగుంటాయి. అసలు భాగం మాత్రం తీసినవాళ్లు తీసినట్టే ఉండాలి.

తెలుగుతో ఆగమని కూడా నేను అనను. కన్నడ, తమిళ, ఒడియా పిల్లలదీ ఇదే పరిస్థితి. శిలప్పదికారం భాగాలు తమిళ పిల్లలు తమిళంలో చూస్తే ఎంత బాగుంటుంది! ఎక్కడో ఒకచోట మొదలుపెట్టండి చాలు.

గార్డు మామ ఇప్పుడు లేరు. ఆయనకు ఆ సీరియల్ ఎంత ఇష్టమో అప్పట్లో నాకు తెలియదు. ఈసారి ఒంటరిగా చూస్తుంటే అర్థమైంది. పక్కన నలుగురు పిల్లలు మాటమాటకీ అడుగుతుంటే ఆయన ఏ భాగమూ నెమ్మదిగా చూసుకుని ఉండరు. ఒక్కరోజూ విసుక్కోలేదు.

మా ఎనిమిదో తరగతి పిల్లలు మిగతా అశోకుడు ఎప్పుడని అడుగుతున్నారు. వచ్చే సోమవారం మూడో పీరియడ్‌లో మళ్లీ పెడతాను, మళ్లీ ఆపి ఆపి చెబుతాను. ఈ లేఖ మీద ఏం నిర్ణయం తీసుకున్నారో శాఖ నుంచి ఒక్క జవాబు వస్తే తరగతిలో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఒక సోషల్ టీచర్