గుణకం ఎంతో కూడా రాయండి

సంపాదకులకు,

దైవభక్తి ఎక్కువున్నవాళ్లకు తెలివితేటలు తక్కువని పరిశోధనలో తేలిందంటూ ఈమధ్య మీ పత్రికలో ఒక వార్త వేశారు. ఉద్యోగమంతా స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. దేవుణ్ణి నమ్మను. అయినా ఆ వార్త చూసి చిరాకేసింది. నాలాంటి నాస్తిక మిత్రులు దాన్ని ఫోన్లలో తెగ పంపించుకుంటున్నారు, ఏదో కేసు గెలిచినట్టు.

పరిశోధన నిజమే. మిరాన్ జుకర్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 2013లో 63 పాత అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. తెలివితేటలకూ మతవిశ్వాసానికీ మధ్య సంబంధం 53 అధ్యయనాల్లో మైనస్‌లో (ఒకటి పెరిగితే రెండోది తగ్గడం), పదింటిలో ప్లస్‌లో (రెండూ కలిసి పెరగడం) వచ్చింది. ఆ సంబంధం ఎంత గట్టిదో చెప్పే అంకెను సహసంబంధ గుణకం అంటారు; సంబంధమే లేకపోతే అది సున్నా, పూర్తిగా ఉంటే 1 లేదా మైనస్ 1. ఇక్కడ దాన్ని ఎక్కువగానే చూసుకుని మైనస్ 0.24 అనుకుందాం. తర్వాత మరికొన్ని అధ్యయనాలు కలిపి చూసినా ఆ మైనస్ పోలేదు. ఇక్కడిదాకా నాకు పేచీ లేదు.

మరి 0.24 అంటే ఎంత? వర్గం చేస్తే 0.06 కూడా రాదు. అంటే మనిషికీ మనిషికీ ఐక్యూ స్కోర్లలో కనిపించే తేడాల్లో భక్తితో ముడిపడింది ఆరు శాతం లోపే. ఇంకా విడమరిచి చెబుతాను. ఎవరో ఏమిటో చూడకుండా ఇద్దరిద్దర్ని చొప్పున వంద జతలు కట్టండి. ప్రతి జతలోనూ భక్తి ఎక్కువున్నవాళ్లకే స్కోరు తక్కువని పందెం కాస్తే సుమారు 58 సార్లు గెలుస్తారు, 42 సార్లు ఓడతారు. ఊరికే బొమ్మా బొరుసూ వేసుకున్నా యాభై గెలుస్తారు కదా! ఈపాటి దానికి ఎదుటివాడి నుదుటి బొట్టు చూసి తెలివి అంచనా వేసేస్తారా?

పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికాలో చేసినవి. నలుగురూ నమ్మేచోట నమ్మనని చెప్పాలంటే కాస్త ఎదురీదే స్వభావం ఉండాలి. తెలివైనవాళ్లలో ఆ స్వభావం ఎక్కువేమోనని ఆ పరిశోధకులే ఒక కారణంగా ఊహించారు. నలుగురూ నమ్మని సమాజంలో లెక్క ఇలాగే వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఇలాంటి వార్తలకు ఇంకో జబ్బు ఉంది. ఫ్రెంచ్ శిల్పి రోడాన్ మలిచిన ‘థింకర్’ (గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న మనిషి) శిల్పం ఫొటో చూపిస్తే విద్యార్థుల్లో దైవవిశ్వాసం తగ్గిందని 2012లో ‘సైన్స్’ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. నేనూ ఆసక్తిగా చదివాను. 2017లో వేరేవాళ్లు ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఏ తేడా కనిపించలేదు. మొదట రాసినవాళ్లు కూడా, తమ ప్రయోగం గట్టిది కాదని హుందాగా ఒప్పుకున్నారు. మొదటి కబురు తెలిసినంతమందికి ఈ రెండోది తెలియదు.

బంతీ బ్యాటూ కలిపి 1 డాలరు 10 సెంట్లు, బంతికన్నా బ్యాటు డాలరు ఎక్కువ, బంతి ధర ఎంత అనే లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆలోచించే తీరుకూ విశ్వాసానికీ సంబంధం వెతికేవాళ్లు దీన్ని బాగా వాడతారు. చటుక్కున నోటికొచ్చేది 10 సెంట్లు, సరైన జవాబు 5. క్లాసులో ఇస్తే పదీ అని ముందు అరిచినవాళ్లలో పరమ భక్తులూ ఉండేవారు, దేవుడే లేడని బల్ల గుద్దేవాళ్లూ ఉండేవారు. (నా క్లాసు శాంపిల్ కాదనుకోండి.)

ఇకమీద ఇలాంటి వార్త వేసేటప్పుడు గుణకం ఎంతో, ఎక్కడివాళ్లను పరీక్షించారో రెండు ముక్కలు కలపండి. చోటు చాలకపోతే పక్కనేసిన ఆ మెదడు బొమ్మ తీసేయొచ్చు.

- ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు