చలనచిత్ర విభాగం వార్షిక నివేదిక: ‘విండ్ రివర్’ ప్రదర్శన, సభ్యుల అభిప్రాయాలు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, కాలనీ సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ సంవత్సరం మన విభాగం జరిపిన ప్రదర్శనల పట్టికను, జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు కనుక ఈ నివేదికను ఒక్క చిత్రానికే కేటాయిస్తున్నాను. ‘విండ్ రివర్’ చూసిన రాత్రి మొదలైన చర్చ ఆ తరువాతి సమావేశాలన్నింటిలోనూ కొనసాగింది. ప్రదర్శన అయ్యాక మనం ఇచ్చే అభిప్రాయ చీటీలు మామూలుగా సగం ఖాళీగానే తిరిగి వస్తాయి. ఈసారి కొందరు వెనకవైపు కూడా నింపి ఇచ్చారు. వాటిని మూడుసార్లు చదివిన తరువాత ఈ నివేదిక రాస్తున్నాను.

టేలర్ షెరిడన్ రాసి, దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2017లో విడుదలైంది. ఆ సంవత్సరం ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం పొందింది. తుపాకులు, మంచు కొండలు, చట్టం అందని చిన్న ఊరు, తన వాళ్ల కోసం తానే తీర్పు చెప్పే మనిషి వంటి పాత వెస్టర్న్ చిత్రాల దినుసులన్నీ ఇందులో ఉన్నా, కథ జరిగేది మాత్రం నేటి కాలంలో, అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉన్న విండ్ రివర్ రిజర్వేషన్‌లో. చిత్రీకరణ ఎక్కువగా యూటా రాష్ట్రంలో జరిగింది.

ప్రదర్శనకు ముందు పంచిన ఒక పేజీ తెలుగు పరిచయంలో అన్నిటికన్నా ఎక్కువ వివరణ అవసరమైంది ‘రిజర్వేషన్’ అనే మాటకే. ఆ మాట వినగానే మన మనసు ఉద్యోగాలు, సీట్ల కోటా మీదికి పోతుంది. అక్కడ ఆ మాటకు అర్థం, ఆదివాసీ తెగలతో ప్రభుత్వం చేసుకున్న ఒడంబడికల ప్రకారం వారికి మిగిల్చిన నేల అని. విండ్ రివర్ 1868 నాటి ఒడంబడికతో ఏర్పడింది. దాదాపు 22 లక్షల ఎకరాల ఆ ప్రాంతంలో తూర్పు షోషోనీ, ఉత్తర అరాపహో తెగల వారు నివసిస్తున్నారు. ఈ సంగతి ముందే తెలియడం వల్ల చిత్రంలోని మనుషుల మౌనం తమకు కొంత అర్థమైందని చాలామంది చీటీలలో రాశారు.

కథ తెలియని సభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాను. వేటగాడిగా ప్రభుత్వ ఉద్యోగం చేసే కోరీకి మంచులో పద్దెనిమిదేళ్ల ఆదివాసీ అమ్మాయి శవం కనబడుతుంది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. ఆమె మీద అత్యాచారం జరిగిందని వైద్యుడు నిర్ధారిస్తాడు, కానీ ప్రాణం పోయింది చలిగాలికి ఊపిరితిత్తులు దెబ్బతిని కాబట్టి హత్య అని రాయలేనంటాడు. హత్య అని రాయకపోతే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పూర్తి బృందాన్ని పంపదు. దాంతో ఒంటరిగా వచ్చిన యువ అధికారిణి, ఆరుగురే సిబ్బంది ఉన్న తెగ పోలీసు అధికారి, తన సొంత కూతురిని కూడా అలాగే పోగొట్టుకున్న ఈ వేటగాడు కలిసి నేరస్థులను వెతకవలసి వస్తుంది. ఒక్క కాగితం మీద ఒక్క మాట రాయలేకపోవడం వల్ల దర్యాప్తు అంతా ఎలా కుంటుపడుతుందో చూపిన ఆ శవపరీక్ష సన్నివేశమే నా దృష్టిలో చిత్రానికి వెన్నెముక. తుపాకుల మోత గురించి అంతగా రాసిన మన సభ్యులలో దీన్ని ప్రస్తావించిన వారు ఇద్దరు ముగ్గురే కావడం నాకు కొంత వెలితిగా అనిపించింది.

నటన విషయంలో అభిప్రాయ భేదాలు లేవు. వేటగాడిగా, అధికారిణిగా నటించిన జెరెమీ రెన్నర్, ఎలిజబెత్ ఓల్సెన్‌ల కన్నా, అమ్మాయి తండ్రిగా నటించిన గిల్ బర్మింగ్‌హామ్‌నే అందరూ గుర్తు పెట్టుకున్నారు. అధికారిణి అడిగే ప్రశ్నలకు రాయిలా కూర్చుని జవాబు చెప్పిన ఆ తండ్రి, గుమ్మంలో పాత స్నేహితుడైన వేటగాణ్ణి చూడగానే అతని భుజం మీద కుప్పకూలిపోయే సన్నివేశంలో మన హాలులో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నేరస్థులు ఉండే చక్రాల ఇల్లు (ట్రెయిలరు) తలుపు తట్టగానే కథ వెనక్కి వెళ్లి, అదే తలుపు ఆ అమ్మాయి కోసం తెరుచుకోవడాన్ని యువ సభ్యులు ఎంతో మెచ్చుకున్నారు. నిక్ కేవ్, వారెన్ ఎలిస్‌ల సంగీతం గాలి ఊళలాగా ఉందని ఒకరు రాశారు. మొదటి గంట నెమ్మదిగా నడిచిందని కొందరు పెద్దలు అన్నారు. ఆ నెమ్మది లేకపోతే ఆ నేల ఎంత ఖాళీగా ఉందో మనకు తెలిసేది కాదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. చివరి భాగంలో వేటగాడు ప్రధాన నేరస్థుడిని కొండ దగ్గరికి తీసుకెళ్లి, నిజం ఒప్పించి, ఆ అమ్మాయికి దొరికిన అవకాశమే నీకూ ఇస్తున్నానని ఉత్త కాళ్లతో మంచులోకి వదులుతాడు. అతను కొద్ది దూరమైనా పరుగెత్తలేక రక్తం కక్కుకుని పడిపోగానే మన హాలులో చప్పట్లు మోగాయి. దీపాలు వెలిగాక వెనక వరుసలో కూర్చున్న ఒక సభ్యురాలు లేచి, ముందు వరుసలోని విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి సూటిగా అడిగారు: “మాస్టారూ, మీరు కూడా చప్పట్లు కొట్టారు కదా, దేనికి కొట్టారు?” ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. మరునాడు ఇంటికి వచ్చి నా చేతికి ఇచ్చిన చీటీలో మొదట రాసిన నాలుగు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి, కింద ఆకుపచ్చ సిరాతో ఇంతే ఉంది: “కొట్టింది నిజమే. ఆపుకోలేకపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు.”

ఆ ప్రశ్న మన ఊళ్లో ఊరికే పుట్టలేదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ అత్యాచారం, హత్య ఘటన, డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోవడం, ఆ ఉదయం జనం పోలీసుల మీద పూలు చల్లడం ఈ నగరంలో ఎవరూ మరిచిపోలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, చనిపోయిన వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అభిప్రాయపడిన నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చర్చలో ఆ రోజు పూలు చల్లిన వారూ మాట్లాడారు, ఆ రోజే భయపడ్డవారూ మాట్లాడారు. ఒక గృహిణి, తన కూతురు రాత్రి డ్యూటీ నుంచి ఇంటికి చేరేవరకు తాను గేటు దగ్గరే నిలబడతానని, ఆ చప్పట్లను తప్పని ఎవరైనా అంటే తాను ఒప్పుకోనని కళ్లనీళ్లతో చెప్పారు. న్యాయవాద వృత్తిలో ఉన్న మరో సభ్యుడు ఆమె మాటకు ఎదురు చెప్పకుండా, సినిమాలో నేరం ఎవరు చేశారో మనకు కళ్లారా చూపించారు కాబట్టే చప్పట్లు కొట్టగలిగాం, బయట మనకు ఎవరు చూపిస్తారమ్మా అని అడిగారు. ఈ రెండు మాటల మధ్యనే సభ్యులు రెండు వర్గాలయ్యారు. ఈ చర్చలో ఎవరూ గొంతు పెంచలేదని నేను గర్వంగా నమోదు చేస్తున్నాను.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని దాచుకోను. పగ తీరిన తరువాత చిత్రం సంబరం చేసుకోదు. ఆ తండ్రి ముఖానికి రంగు పూసుకుని, చావుకు సిద్ధమైన మనిషిలా పెరట్లో కూర్చుని ఉంటాడు. ఆ రంగు ఎలా వేసుకోవాలో నేర్పే పెద్దలు ఎవరూ మిగలలేదని, తానే ఏదో కల్పించుకున్నానని ఒప్పుకుంటాడు. మన ఫ్యాక్షన్ చిత్రాలలో పగ తీరగానే ఊరు ఊరంతా పండగ చేసుకోవడం చూసి పెరిగిన నాకు ఈ ముగింపు చాలా నిజాయతీగా అనిపించింది.

విమర్శలు కూడా వచ్చాయి. ఆదివాసీల నేల మీద ఆదివాసీల దుఃఖాన్ని చెబుతూ న్యాయం చేసే పని మాత్రం తెల్లవాడైన వేటగాడికి అప్పగించారన్నది వాటిలో బలమైనది, దానితో నేను ఏకీభవిస్తున్నాను. మన వైద్య సభ్యులు, లోపలికి పీల్చిన గాలిని ముక్కు, గొంతు చాలావరకు వేడెక్కిస్తాయి కనుక చలిగాలికి ఊపిరితిత్తులు పగలడం అతిశయోక్తి అని, ఒంట్లో వేడి పడిపోయి చనిపోవడం మాత్రం నిజమేనని వివరించారు.

ఒక పొరపాటును కూడా సభ్యుల ముందు ఉంచాలి. అత్యాచార దృశ్యం ఉందని మేము ముందుగా ప్రకటించలేదు. కొన్ని కుటుంబాలు పిల్లలతో వచ్చి మధ్యలో లేచి వెళ్లిపోవలసి వచ్చింది. ఇది పూర్తిగా మా విభాగం తప్పు, నేను క్షమాపణ కోరుతున్నాను.

చిత్రం చివరి అక్షరాలు, అమెరికాలో అన్ని వర్గాల వారిలో తప్పిపోయిన వారి లెక్కలు ఉన్నాయని, ఆదివాసీ మహిళలకు మాత్రం లేవని చెబుతాయి. ఇది ఎంతవరకు నిజమని ఎక్కువమంది అడగడంతో తరువాతి సమావేశాన్ని దీనికే కేటాయించి, మన న్యాయవాద సభ్యుడి చేత ప్రసంగం చేయించాం. 2016లో ఆదివాసీ మహిళలు, బాలికలు తప్పిపోయినట్టు 5,712 ఫిర్యాదులు నమోదైతే, న్యాయశాఖ నడిపే జాబితాలో చేరినవి 116 మాత్రమేనని 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తెగల కోర్టులు ఆదివాసేతరులను నేరాలకు విచారించరాదని అక్కడి సుప్రీంకోర్టు 1978లో తీర్పు ఇచ్చింది. గృహహింస కేసుల వరకు 2013లోను, లైంగిక హింసతో సహా మరికొన్ని నేరాలకు 2022లోను చట్టం ద్వారా ఆ అధికారాన్ని కొంత తిరిగి ఇచ్చారు. తప్పిపోయిన ఆదివాసీల వివరాల సేకరణను మెరుగుపరిచే సవన్నా చట్టం 2020లో వచ్చింది. అంటే చిత్రం వచ్చిన నాటికి, బయటి నుంచి వచ్చిన ఆదివాసేతర ఉద్యోగి ఒక ఆదివాసీ మహిళపై అత్యాచారం చేస్తే అతణ్ణి విచారించే అధికారం ఆ తెగకు లేదు. ఇది విన్నాక చప్పట్లు కొట్టినవారిలో కొందరు తమ చీటీలు మళ్లీ అడిగి తీసుకుని, మరో రెండు వాక్యాలు చేర్చి ఇచ్చారు.

సభ్యుల సూచనలను పరిశీలించిన మీదట విభాగం మూడు ప్రతిపాదనలు చేస్తున్నది. హింస, అత్యాచార దృశ్యాలు ఉన్న చిత్రాలకు ముందుగానే నోటీసు బోర్డులో తెలియజేయాలి, అటువంటి ప్రదర్శనలకు పిల్లలను అనుమతించరాదు. వచ్చే సంవత్సరం ఆదివాసీలే దర్శకత్వం వహించిన చిత్రాలు, అక్కడివి ఒకటి, మన దేశానివి ఒకటి, తప్పక ప్రదర్శించాలి. ఈ చిత్రంపై వచ్చిన చీటీలన్నింటినీ పేర్లు తొలగించి, సభ్యులు చదువుకునేందుకు వీలుగా ఒక పుస్తకంగా కుట్టించి గ్రంథాలయంలో ఉంచాలి. మాస్టారు తన చీటీని అందులో చేర్చడానికి అంగీకరించారు. పై ప్రతిపాదనలకు సర్వసభ్య సమావేశం ఆమోదాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, చలనచిత్ర విభాగం