మ్కురంగా బడి పనులు: జమా ఖర్చుల వివరణ

దార్ ఎస్ సలామ్ తెలుగు కుటుంబాలకు కమిటీ నమస్కారాలు. మ్కురంగా జిల్లాలో మనం ఎంచుకున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల కోసం ఉగాది నుంచి ఆగస్టు ఆఖరు దాకా వసూలైన డబ్బు, పెట్టిన ఖర్చు ఇవి. అంకెలన్నీ టాంజానియా షిల్లింగుల్లో ఉన్నాయి. ఇండియాలో ఉన్నవాళ్లు రూపాయికి సుమారు 30 షిల్లింగుల చొప్పున లెక్కేసుకోండి.

జమ: 62 కుటుంబాల చందాలు 1,24,50,000. ఉగాది రోజు పులిహోర, గారెల స్టాల్ మీద మిగిలింది 14,20,000. పాత నిల్వ 3,80,000. మొత్తం 1,42,50,000.

ఖర్చు: మరుగుదొడ్లు 68,40,000. రెండు గదుల పైకప్పు 31,40,000. ముగ్గురేసి కూర్చునే బెంచీలు 20, ఒక్కోటి 85,000 చొప్పున 17,00,000. వాన నీటి ట్యాంకు, దాని దిమ్మె, గొట్టాలు 12,90,000. లారీ కిరాయిలు 6,20,000. ఎం-పెసా (ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి), బ్యాంకు చార్జీలు 1,14,000. మొత్తం 1,37,04,000. నిల్వ 5,46,000.

"సగం డబ్బు దొడ్లకే పోయిందేంటండీ" అని చాలామంది అడిగారు. అక్కడిది ఇసుక నేల. గొయ్యి తవ్వి వదిలేస్తే ఒక్క వానాకాలానికే అంచులు కూలిపోతాయి. పాత గొయ్యి అలాగే పోయింది. అందుకే అడుగు నుంచి పైదాకా సిమెంటు దిమ్మెలతో గోడ కట్టించాం. ఖర్చంతా భూమి లోపలే ఉంది, ఫొటోలో కనపడదు. గొయ్యి తవ్వింది ఊరివాళ్లే, కూలి తీసుకోలేదు. ఆడపిల్లలు 20 మందికి ఒకటి, మగపిల్లలు 25 మందికి ఒకటి ఉండాలన్నది ఇక్కడి ప్రభుత్వ ప్రమాణం. దాదాపు 400 మంది పిల్లలున్న బడికి మనం కట్టించినవి ఆరే. ఇంకా చాలవు.

హెడ్ టీచరమ్మ మొదట అడిగింది తలుపుకు లోపలి గడియ. అది లేకే పెద్ద క్లాసుల ఆడపిల్లలు బడిలో దొడ్డికి వెళ్లకుండా సాయంత్రం దాకా ఉగ్గబట్టుకునేవాళ్లట. గడియ ఒక్కోటి 4,500. మొత్తం పద్దులో అతి చిన్న అంకె ఇదే. వాళ్ల కోసం నీళ్లతో ఒక చిన్న గది కూడా విడిగా కట్టించాం.

పైకప్పుకు 28 గేజి రేకులు 60, ఒక్కోటి 36,000. మిగతా 9,80,000 కలప, మేకులు, ఫుండీల (ఇక్కడి మేస్త్రీల) కూలి. ఇంకా పలచనైన 30 గేజి వేస్తే చవకయ్యేది కానీ సముద్రపు గాలికి నిలవదని ఊరి ఫుండీ ఒప్పుకోలేదు. గొడుగు తల మేకులే కావాలని పట్టుబట్టి, దుకాణానికి తనే వచ్చి ఏరి తీసుకున్నాడు. మార్చి నుంచి మే దాకా మసికా వానలు కాబట్టి జూన్ సెలవుల్లో పని పెట్టుకున్నాం.

2016 జనవరి నుంచి ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఫీజులు, తప్పనిసరి చందాలు లేవు. దాంతో బడికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. ప్రైమరీ పిల్లలకు తలకు ఏడాదికి 10,000 షిల్లింగుల గ్రాంటు అంటే మన 330 రూపాయల పైచిలుకు. అందులో సుద్దముక్కలు కొనాలా, రేకులు కొనాలా?

వాలంటీర్ల ఖర్చు పద్దులో ఎందుకు లేదంటే, పెట్రోలు, భోజనాలు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు. శనివారాలు వెళ్లి బెంచీలకు గరుకు కాగితం రుద్దడం, నల్లబల్లలకు రంగు వేయడం, సామాన్లు దించడం చేశారు. గోడ కట్టడం, రేకు వేయడం మన పని కాదు. ఆ కూలి ఊరి మనుషులకే వెళ్లాలన్నది కమిటీ నిర్ణయం. విదేశాల్లో చదువుతున్న పిల్లలు సెలవులకు వచ్చి సేవ చేస్తామంటే సంతోషమే కానీ టూరిస్టు వీసా మీద కుదరదు, వాలంటీర్ల లాంటివాళ్లకు ఇచ్చే క్లాస్ సి నివాస పర్మిట్ ఉండాలి. దాని ఫీజు చందా డబ్బులోంచి ఇవ్వం. మన పేరుతో బోర్డు పెట్టమన్న సూచననూ తీసుకోలేదు.

ఈఎఫ్‌డీ (పన్ను శాఖ మెషిన్) రసీదు లేని ఖర్చు 7,85,000. ఇసుక, ఊరి కూలీలు, ఎడ్లబండి వగైరా. వీటికి చేతిరాత వోచర్ల మీద ఇద్దరు కమిటీ సభ్యులు, బడి కమిటీ చైర్మన్ సంతకాలున్నాయి.

నిల్వ డబ్బు కొళాయిలు, తలుపుల మరమ్మతుకే. రసీదుల ఫైలు కోశాధికారి ఇంట్లో ఉంది. ఆదివారాలు ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు. అభ్యంతరాలుంటే దసరా లోపు రాసి ఇవ్వండి. ఆ తర్వాత సర్వసభ్య సమావేశంలో పద్దు ఆమోదానికి పెడతాం.