సంక్రాంతి తర్వాత హాల్టింగ్ డబ్బులు ఎందుకు అడుగుతున్నానంటే

మా లారీకి లోడు ఇస్తున్న గుంటూరు మిర్చి వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీల వాళ్లకు, చెన్నైలో రిటర్న్ లోడు చూపిస్తున్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్లకు నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. సంక్రాంతి వెళ్లాక కొత్త మిర్చి సీజను నుంచి, బండి మీ గేటుకు వచ్చాక మొదటి 24 గంటలకు ఏమీ అడగను. ఆ తర్వాత ఆగిన ప్రతి రోజుకూ 2,500 రూపాయలు హాల్టింగ్ తీసుకుంటాను. కిరాయి మాత్రం పెంచడం లేదు. కొందరికి ఫోన్‌లో ఈ మాట చెబితే "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జీతానికి బండి తోలినన్నాళ్లూ, గేటు దగ్గర ఎంతసేపు ఆగినా నా బత్తా నాకు వచ్చేది. ఆగిన రోజు నష్టమంతా ఓనరే భరించేవాడు. ఇప్పుడు ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. బండి కదలకపోయినా ఫైనాన్స్ కిస్తీ తారీఖు మారదు. ఇన్సూరెన్స్, మూడు నెలలకోసారి కట్టే ట్యాక్స్, నేషనల్ పర్మిట్ ఫీజు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), అన్నీ వాటి వాటి తారీఖులకు వచ్చి కూర్చుంటాయి. ఆదాయపు పన్ను కూడా అంతే. మాలాంటి చిన్న ఓనర్లు లెక్కల పుస్తకాలు రాయక్కర్లేకుండా ఒక పద్ధతి ఉంది. బండి గ్రాస్ వెయిట్ (సరుకుతో కలిపి మొత్తం బరువు) 12 టన్నులు దాటితే, టన్నుకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఆదాయం వచ్చినట్టు చూపిస్తాం. నాది పది టైర్ల బండి, గ్రాస్ 28.5 టన్నులు. అంటే నెలకు 28,500 సంపాదించినట్టు లెక్క. నెలంతా తిరిగినా అంతే, సగం రోజులు యార్డు బయట నిలబడినా అంతే.

డీజిల్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే బండి బాగున్నట్టు. చెన్నై వెళ్లి రావడానికి ఇంచుమించు ఇరవై వేలు డీజిల్‌కే పోతాయి. తమిళనాడులో లీటరు మన దగ్గరకంటే నాలుగైదు రూపాయలు తక్కువ కాబట్టి, వచ్చేటప్పుడు ట్యాంకు అక్కడే నింపుకుని తడ సరిహద్దు దాటుతాను. నా చేతిలో ఉన్న ఆదా అంతవరకే.

టోల్ విషయంలో ఇంకొంచెం ఆదా ఉంది గానీ, అది మీ చేతిలో ఉంది. ఒక టోల్‌గేటును 24 గంటల్లోపు తిరిగి దాటితే, రానూపోనూ కలిపి ఒకటిన్నర రేటే పడుతుంది. చెన్నైలో సరుకు పొద్దున్నే దిగి, రిటర్న్ లోడు సాయంత్రానికి ఎక్కితే కనీసం సూళ్లూరుపేట, బూదనం గేట్ల దగ్గర ఆ తగ్గింపు నాకు దొరుకుతుంది. పగలు సిటీలోకి హెవీ బండ్లను రానివ్వని చోట్ల ఒక్క పూట ఆలస్యమైతే చాలు, ఇంకో రాత్రి దాకా బయటే ఆగాలి. ఆ తగ్గింపు కూడా పోతుంది.

ఇక అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చెప్తాను. కోల్డ్ స్టోరేజీ ప్లాట్‌ఫారానికి బండి ఆనించాక టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించడం కొన్ని గంటల పని, అంతే. ముఠా వాళ్లు, అంటే హమాలీలు, చాలా కష్టపడతారు. చాంబర్ తలుపు తీసినప్పుడల్లా చల్లగాలితోపాటు ఘాటు కొడుతుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, దగ్గుకుంటూనే ఒక్కో టిక్కీ మోసి వరస పేరుస్తారు. వాళ్లమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బండి ఆగేది అంతకుముందు. శాంపిల్ మళ్లీ చూడాలంటారు, లాటు మారుస్తారు, బిల్లు రాసే గుమాస్తా భోజనానికి వెళ్తాడు, ఈలోగా ముఠా పక్క బండికి వెళ్లిపోతుంది. సాయంత్రం ఆరు దాటాక "రేపు పొద్దున చూద్దాం" అంటారు. అలా ఒక రోజు పోతుంది. సీజన్‌లో అయితే రెండు రోజులు.

లోడింగ్ దగ్గర తొందరపెట్టమని నేను అనడం లేదు. టిక్కీల వరస బండి డోరు ఎత్తు దాటాక మూలలు ఒకదానిమీద ఒకటి పట్టు పడేలా పేర్చాలి, లేకపోతే మలుపుల్లో లోడు ఒక పక్కకు ఒరుగుతుంది. పైన రెండు పట్టాలు కప్పి, మోకు బిగించేటప్పుడు నేనే పైకెక్కి చూసుకుంటాను. నవంబరులో నెల్లూరు దాటాక ఎప్పుడు వాన కొడుతుందో తెలియదు. 2021లో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర హైవేనే తెగిపోయింది. తడిసిన మిర్చికి బూజు పడుతుంది, రంగు పోతుంది, అక్కడి పార్టీ దించుకోడు. కాబట్టి పేర్చడానికి, కట్టడానికి పట్టే టైమ్ ఎంతైనా పట్టనీయండి. ఊరికే నిలబడే టైమ్ గురించే నా బాధ.

సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లు గురించి ఒక విన్నపం. చాలామంది బండి గేటులోకి రాగానే దాని పార్ట్-బీలో బండి నంబరు వేసేస్తున్నారు. నంబరు వేసినప్పటి నుంచే గడువు మొదలవుతుంది, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున. లోడింగ్‌కే ఒకటిన్నర రోజు పోతే దారిలో నాకు మిగిలేది ఎంత? గడువు పొడిగించుకోవాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల వరకే వీలు. అది దాటాక చెకింగ్‌లో దొరికితే పన్నుకు రెండింతల పెనాల్టీ అడుగుతారు, కట్టేదాకా బండి కదలనివ్వరు. దయచేసి కాటా అయ్యి, పట్టా కట్టాకే నంబరు వేయండి. దీనికి మీకు రూపాయి ఖర్చు లేదు.

గేటు దగ్గర పోయిన టైమ్‌ను రోడ్డు మీద రాబట్టమని అడగకండి. ఇది నేను గట్టిగా చెప్పాల్సిన మాట. రెండో రోజు రాత్రి పదింటికి బండి వదిలి, "తెల్లారేసరికి చెన్నైలో ఉండాలి" అంటే నా వల్ల కాదు. పగలంతా క్యూలో బండిని అడుగు అడుగు జరుపుకుంటూ ఉన్నవాడికి నిద్ర ఎక్కడిది? పెద్ద కంపెనీల బండ్లలో ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. నా బండిలో నేనూ, క్లీనర్ కుర్రాడూ. వాడికి హెవీ లైసెన్స్ లేదు, వాడి చేతికి స్టీరింగ్ ఇవ్వను. ట్రాన్స్‌పోర్ట్ పనివాళ్లకు రోజుకు 8 గంటలే పని అని 1961 నాటి పాత చట్టంలోనే రాశారు, అదీ ఐదుగురు పనివాళ్లకు తక్కువ లేని సంస్థలకే వర్తించేది. సొంత బండి తోలుకునేవాడి నిద్ర లెక్క వాడే చూసుకోవాలి. ఒంగోలు దాటాక కావలి దాకా తెల్లవారుజామున రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. కళ్లు మూతపడేది అక్కడే. ఆ టైమ్‌లో నాకు మగత అనిపిస్తే లైట్లున్న బంకులో బండి పెట్టి పడుకుంటాను. ఫోన్ క్లీనర్ ఎత్తుతాడు, బండి ఎక్కడుందో దాచకుండా చెప్తాడు. మీ సరుకుతోపాటు నా ఇంట్లోవాళ్లు కూడా ఈ బండి మీదే ఆధారపడి ఉన్నారు.

డబ్బుల సంగతి క్లుప్తంగా. అడ్వాన్స్ విషయంలో మీరెవరూ ఇబ్బంది పెట్టలేదు, కృతజ్ఞతలు. బ్యాలెన్స్ దగ్గరే నలుగుతున్నాను. అన్‌లోడ్ కాగానే సరుకు ముట్టినట్టు సంతకం చేసిన కాపీని వాట్సాప్‌లో పెడతాను, ఒరిజినల్ తిరిగొచ్చాక మా ఆవిడ మీ కొట్టుకు తెచ్చి ఇస్తుంది. ఆ తర్వాత వారంలోపు బ్యాలెన్స్ వేస్తే నా కిస్తీ గట్టెక్కుతుంది. కొందరు కిరాయిలో ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటున్నారు. పదికి మించి బండ్లు లేనివాళ్లు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే పట్టుకోనక్కర్లేదు, మీ ఆడిటర్‌ని అడిగి చూడండి. నాది ఒక్కటే బండి. డిక్లరేషన్ ఈ నెలలోనే అందరికీ పంపిస్తాను.

చెన్నై నుంచి ఇనుము వేసే వాళ్లకు ఒక్క మాట. పాసింగ్ (బండికి అనుమతించిన బరువు) దాటి ఒక్క టన్ను కూడా ఎక్కించను. ఓవర్‌లోడుకు చట్టంలో 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. జరిమానా సంగతి అలా ఉంచినా, వెనక టైర్లు, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) నా డబ్బులతో కొన్నవి.

హాల్టింగ్ లెక్కలో మీకూ నాకూ గొడవ రాకూడదని ఒక చిన్న పుస్తకం పెడుతున్నాను. బండి రాగానే వాచ్‌మన్ టైమ్ రాసి సంతకం పెట్టాలి, బయటకు వెళ్లేటప్పుడు ఇంకోసారి. వాన వల్ల, బంద్ వల్ల, యార్డు సెలవు వల్ల ఆగితే ఒక్క రూపాయి అడగను. నా బండి రిపేరు వల్లగానీ, నేను ఒప్పుకున్న టైమ్‌కు రాకపోవడం వల్లగానీ మీ సరుకు ఆలస్యమైతే అదే 2,500 నా కిరాయిలో తగ్గించుకోండి. ఒకరిద్దరు వ్యాపారులు ఇప్పటికే సరేనన్నారు. వాళ్ల గోడౌన్లో బండి పొద్దున పెడితే మధ్యాహ్నానికి బయటపడుతోంది.

భోగి నుంచి కనుమ దాకా బండి ఇంటి దగ్గరే ఉంటుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, నేనూ కదలను. ఆ మర్నాటి నుంచి లోడుకు రెడీ. ముందు రోజు సాయంత్రంలోగా ఫోన్ చేసి ఎన్ని టిక్కీలో, ఏ స్టోరేజీలోనో, ముఠా ఎన్నింటికి వస్తుందో చెబితే ఆ టైమ్‌కు బండి మీ గేటు దగ్గర పెడతాను.